బూడిద దిబ్బ చెప్పిన పశువుల దొడ్డి కథ



మొన్న తొలకరి దుక్కుల నాడు హుజూర్‌నగర్ దగ్గరి రైతు ఒకరు మట్టి నమూనా సంచితోబాటు ఒక రాయిని కూడ నా కార్యాలయమునకు తెచ్చినారు. అరచేతిలో ఇమిడే నల్లరాయి. ఒక అంచు పదునుగా, తక్కిన ఒళ్లంతా నున్నగా అరగదీసి ఉన్నది. "పిడుగు పడ్డ కాడ దొరుకుతదంట గద సారూ, ఇంట్ల పెట్టుకోవచ్చునా?" అని అడిగినారు. అది పిడుగురాయి కాదు. ఇనుమును ఎరుగని కాలమున ఈ నేలమీదనే బ్రతికిన మనిషి చేసికొన్న గొడ్డలి. ఆ మనుష్యులను గురించి మీకు నాలుగు మాటలు చెప్పవలెనని అప్పుడే అనుకొన్నాను.

వారి ఆనవాళ్లు అన్నిటికంటె చక్కగా దొరికినది పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, మఖ్తల్ ప్రాంతపు ఉట్నూరులో. ఆదిలాబాదు ఉట్నూరు వేరు, ఇది వేరు. ఇక్కడను, రాయచూరు, బళ్ళారి, అనంతపురము ప్రాంతములలోను పెద్ద పెద్ద బూడిద దిబ్బలు కలవు. బూడిద కొన్నిచోట్ల కరగి గడ్డకట్టి, కొలిమిలోని ఇనుప చిట్టెము వలె ఉండును. ఇవి రాక్షసులను దహనము చేసిన చితులని జనులు చెప్పుకొనిరి. హంపీ దగ్గరి దిబ్బ వాలిని దహనము చేసిన చోటని నేటికిని చూపుదురు. చదువుకొన్నవారు కూడ కొందరు అగ్నిపర్వతపు బూడిద అనిరి, కొందరు ఇనుము కరగించిన చోట్లు అనిరి. ఇది పశువుల పేడ కాలిన బూడిదయే అని 19వ శతాబ్దములోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు గ్రహించెను. తరువాత జాయినర్ అను శాస్త్రజ్ఞుడు బూడిదను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, పశువులు మేసిన గడ్డిలోని ఇసుక పదార్థము అందులో ఉన్నదని నిరూపించినాడు.

1957లో రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను త్రవ్వించగా అసలు సంగతి బయటపడినది. గుంజలు పాతిన గుంటలు వరుసగా, వలయాకారముగా కనిపించినవి. లోపలి వలయము పశువుల దొడ్డి. దాని చుట్టు మరియొక కంచె. ఈ రెంటి నడుమ మనుష్యుల గుడిసెలు. మందను నడుమ ఉంచుకొని చుట్టు తాము కాపురమున్నారన్నమాట. దొడ్డి నేలమీద గిట్టల గుర్తులు కూడ చెక్కుచెదరక నిలిచినవి! దొడ్డి తగులబడినది, మరల కట్టినారు, మరల తగులబడినది. ఇట్లు పలుమార్లు జరిగినది. అక్కడి బొగ్గును పరీక్షింపగా ఇది క్రీస్తుకు పూర్వము మూడవ వెయ్యేండ్ల నాటిదని తేలినది. అనగా నాలుగువేల ఏండ్లకు పైబడిన దొడ్డి. అవి మూపురమున్న మన దేశవాళీ పశువులే. ఆ కాలపువారు రాతి గుండ్లమీద గీసిన ఎద్దు బొమ్మలు చూచినచో, కొమ్ములు పొడవు తప్ప, మన ఎద్దులే అనిపించును.

పేడను ఎందుకు కాల్చినారు? ఈ ప్రశ్నపై పండితులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. ఏటేట మంటలు వేసి పశువులను దాటించు పండుగ కావచ్చునని ఆల్చిన్ తలచెను. కర్ణాటకలోని బూదిహాళ్‌లో పలు ఏండ్లు త్రవ్వకములు జరిపిన పద్దయ్యగారు పేరుకొన్న పేడను పోగుచేసి తగులబెట్టినారని భావించినారు. నా మట్టుకు నాకు రెండును కలిసియే ఉండునని తోచును. గోమార్లు పట్టిన దొడ్డిలో ఒక్క వానాకాలము పని చేసినవానికి ఆ మంట అవసరము చెప్పనక్కరలేదు.

అయితే వ్యవసాయాధికారిగా ఒక మాట అనక తప్పదు. పేడ కాలినచో నత్రజని గాలిలో కలిసిపోవును. భాస్వరము, సున్నము మాత్రము బూడిదలో మిగులును. వారికి మంద విస్తారము, సాగు స్వల్పము గనుక చెల్లినది. నేడు పెంటకుప్పకు నిప్పు పెట్టువారికి ఆ సాకు లేదు.

ఆ స్వల్పపు సాగులో ఏమి పండించిరో కూడ తెలిసినది. బళ్ళారి దగ్గరి సంగనకల్లు, కడప జిల్లా హనుమంతరావుపేట వంటి చోట్ల మట్టిని నీటిలో కలిపి, తేలిన మాడిన గింజలను ఏరి పరీక్షించినారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికినవి. అన్నియు వానమీద పండునవి, తక్కువ నీటితో గట్టెక్కునవి. గోధుమ, యవలు తరువాత వచ్చినవి. మనము పేదవాని పంట అని తీసివేసిన ఉలవకు ఇంత వయస్సున్నది.

ఎండనేలలో బ్రతుకుటకు వీరు మందను నమ్మితే, అమెరికాలోని అరిజోనా ఎడారిలో హోహోకమ్ అను ప్రజలు కాలువను నమ్మిరి. అక్కడి వర్షము మన వర్షములో మూడవవంతు కూడ లేదు. వారికి ఎద్దు లేదు, ఇనుప పార లేదు. కర్రలతో, రాతి పనిముట్లతో సాల్ట్, గిలా నదులనుండి మైళ్లకొలది కాలువలు త్రవ్వి మొక్కజొన్న, చిక్కుడు, ప్రత్తి పండించిరి. దాదాపు వెయ్యేండ్లు ఆ సాగు నడచినది. 1450 ప్రాంతమున ఊళ్లు పాడుబడినవి. వరదలా, కరవా, చౌడా, కలహములా అను వాదము నేటికిని ఉన్నది. 1867 తరువాత అక్కడికి వచ్చిన కొత్త కాపులు ఆ పాత కాలువలనే పూడిక తీసి వాడుకొనిరి. ఫీనిక్సు నగరము అట్లు వెలసినది. సాగర్ ఎడమ కాలువ క్రింద సేద్యము చేయు మనము ఆ చౌడు మాటను కొంచెము చెవిని పెట్టవలెను.

సాగర్ నీటిలో మునుగక ముందు, 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయలో త్రవ్వకములు జరిగినవి. బౌద్ధ విహారముల అడుగున ఈ రాతిగొడ్డళ్ల కాలపువారి నివాసపు గుంటలు కూడ దొరికినవి. నల్లగొండ వైపు ఏలేశ్వరమును కూడ త్రవ్వి చూచినారు. నీరు వచ్చునని ముందే తెలిసినది గనుక అంత పని జరిగినది. మన పాటిగడ్డలకు ఆ అదృష్టము లేదు. పాటిమన్ను చేనుకు బలమని ట్రాక్టర్లతో తోలుచున్నాము. బలమున్న మాట నిజమే, నేను కాదనను. కాని నాలుగు ట్రక్కుల పశువుల ఎరువు, ఒక బస్తా సూపర్ ఫాస్ఫేటు ఆ బలమును ఇయ్యగలవు. గుంజల గుంటలను, గిట్టల గుర్తులను ఏ ఎరువును తిరిగి ఇయ్యలేదు.

కావున పాటిమన్నులో బూడిద పొరలు, నున్నని రాళ్లు, చేతితో చేసిన బూడిదరంగు కుండపెంకులు కనబడినచో అక్కడికి పని ఆపి పంచాయతీ కార్యదర్శికి తెలుపుడు. కార్యదర్శులు సర్వే నంబరు వ్రాసికొని, రాయి దొరికిన లోతు కొలిచి, ఫోటో తీసి తహసిల్దారు ద్వారా వారసత్వ శాఖకు పంపవలెను. పది రూపాయలకు మించిన విలువగల పాతర ఏది దొరికినను కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే చెప్పుచున్నది. చేను పోవునని చాలమంది భయపడుదురు. ఒక రాతిగొడ్డలి చూపినంత మాత్రమున చేను పోదు. ఒక స్థలమును రక్షిత స్థలముగా ప్రకటించవలెనన్నను ప్రభుత్వము ముందు నోటీసు ఇచ్చి అభ్యంతరములు వినవలెను.

ఆ రైతును వెంటబెట్టుకొని నేను చేనికి పోయినాను. రాయి దొరికిన గట్టు ప్రక్కన ఇంకను రెండు పెంకులు, ఒక నూరుడు రాయి ముక్క ఉన్నవి. ఆ మూలను ఈసారి దున్నక, నాలుగు కర్రలు పాతి విడిచినారు. మిగిలిన చేనిలో కంది వేసినారు.