డబ్బా పాలు కలిపే నీళ్లు ఎంత వేడిగా ఉండాలి? పసికందు మెదడుకు ముప్పు తెచ్చే బ్యాక్టీరియా ఇదీ

సీలు తీయని పాల డబ్బాలో క్రిములేవీ ఉండవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పాలపొడి పూర్తిగా క్రిమిరహితం కాదు. క్రోనోబ్యాక్టర్ సకజాకి అనే బ్యాక్టీరియా పొడిలో నెలల తరబడి బతికి ఉండగలదు. గోరువెచ్చని నీళ్లు తగిలితే వేగంగా పెరుగుతుంది.

ఈ జబ్బు చాలా అరుదు. కానీ వస్తే ప్రాణాంతకం. రక్తంలోకి చేరి, అక్కడి నుంచి మెదడు పొరలకు పాకి మెనింజైటిస్ తెస్తుంది. మెదడులో చీము గడ్డలు కట్టవచ్చు. బతికిన పిల్లల్లోనూ కొందరికి ఫిట్స్, ఎదుగుదల లోపాలు మిగులుతాయి. రెండు నెలల లోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవారికి, బరువు తక్కువ ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

2021-22లో అమెరికాలో నలుగురు పసికందులకు ఈ ఇన్ఫెక్షన్ సోకింది, ఇద్దరు చనిపోయారు. నలుగురూ తాగింది మిషిగన్ రాష్ట్రంలోని ఒకే ఫ్యాక్టరీలో తయారైన పాలపొడి. కంపెనీ డబ్బాలను వెనక్కి తీసుకుంది. ఫ్యాక్టరీలోనూ ఈ బ్యాక్టీరియా దొరికింది. అయితే పరీక్షకు దొరికిన ఇద్దరు పిల్లల నమూనాలతో అది సరిపోలలేదు. బ్యాక్టీరియా ఇంట్లో కూడా చేరవచ్చు. తడి స్పూను, వంటగది సింకు, సరిగ్గా కడగని సీసా, బ్రెస్ట్ పంపు, ఇవన్నీ దారులే.

మరి ఏం చేయాలి? తల్లిపాలు ఇవ్వగలిగితే అదే మేలు. డబ్బా పాలు తప్పనిసరి అయితే 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లతో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో థర్మామీటర్ లేకపోయినా ఫర్వాలేదు. ఒక లీటరు నీళ్లు బాగా మరిగించి, అరగంట దాటకముందే పొడి కలపాలి. తర్వాత సీసాను చల్లని నీళ్లలో ఉంచి, మణికట్టు మీద ఒక చుక్క వేసి వేడి చూసుకుని పట్టాలి. వెంటనే తాగించాలి. మిగిలినవి దాచవద్దు, పారబోయాలి. ఇంట్లో నానీ కలిపినా దాదీ కలిపినా ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

బిడ్డ పాలు తాగకపోయినా, ఎంత లేపినా మత్తుగా పడి ఉన్నా, ఆగకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, మాడు ఉబ్బినా, ఒళ్లు కాలినా లేదా చల్లబడినా గంటలు లెక్కపెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పసికందుకు జ్వరం రాకుండానే ఈ జబ్బు ముదరవచ్చు.

అక్కడ డాక్టర్ వెన్ను నుంచి నీరు తీయాలంటే చాలామంది తల్లిదండ్రులు వెనకడుగు వేస్తారు. కాళ్లు పడిపోతాయేమోనని భయం. సూది పెట్టేది వెన్నుపాము ముగిసే చోటుకు కింద. ఆ నీటి పరీక్షతోనే ఏ బ్యాక్టీరియానో, ఏ యాంటీబయోటిక్ పనిచేస్తుందో తేలుతుంది. సంతకం పెట్టడానికి ఆలస్యం చేస్తే నష్టపోయేది బిడ్డే.