చెప్పు మెత్తనైతే చాలదు!

పొద్దున్నే తుర్కపల్లి బస్టాపులో కాసేపు నిలబడి వచ్చేపోయేవాళ్ల కాళ్ల వైపు చూడండి. జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లో పనిచేసే కుర్రకారుకి స్పోర్ట్స్ షూస్. షామీర్‌పేట వైపు బస్సెక్కే పెద్దవాళ్లకు మాత్రం... మడమ దగ్గర అరిగి, వేళ్ల దగ్గర గుంటపడిన హవాయి చెప్పులు. 'ఇంకో ఏడాది వస్తాయిలే' అని సర్దుకుపోతుంటారు. నిజానికి మంచి చెప్పు అవసరం కుర్రాళ్లకన్నా వాళ్లకే ఎక్కువ!

అరికాలి మెత్త అరిగితే...

మడమ కిందా వేళ్ల మొదళ్ల కిందా కొవ్వుతో నిండిన మెత్తలుంటాయి. నడిచేటప్పుడు అడుగడుక్కీ ఒంటి బరువుకన్నా కాస్త ఎక్కువ భారమే పాదం మీద పడుతుంది. దాన్ని కాచుకునేవి ఆ మెత్తలే. వయసు పైబడేకొద్దీ వాటిలో సాగే గుణం తగ్గుతుంది. కొందరికి వేళ్లూ వంకర్లు పోతాయి. దాంతో పాదమంతా పంచుకోవాల్సిన బరువు రెండుమూడు ఎముకల కొనల మీదే పడుతుంది. ఆనెలు కాసేదీ మంటపుట్టేదీ అక్కడే.

మధుమేహం తోడైతే ముప్పు మరీ ఎక్కువ. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహులున్నారు. నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గితే నొప్పి తెలియదు. నొప్పి తెలియక అదేచోట మళ్లీమళ్లీ ఒత్తిడి పడి పుండవుతుంది. ముదిరితే వేలో, కాలో తీసేయాల్సి రావచ్చు.

వేలూరు నేర్పిన పాఠం

దీనికి విరుగుడు మన చిత్తూరు పొరుగునే ఉన్న వేలూరులో దొరికింది. 1946లో అక్కడి సీఎంసీ ఆసుపత్రికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల పాదాలను పరిశీలించారు. జబ్బువల్లే మాంసం కుళ్లిపోతుందని అప్పట్లో అనుకునేవారు. కాదు, స్పర్శలేని చోట పదేపదే పడే ఒత్తిడే పుండుకు కారణమని ఆయన బృందం తేల్చింది. అలా వచ్చిందే సన్నటి గాలిగదులుండే రబ్బరుతో చేసిన ఎం.సి.ఆర్. చెప్పు. పైన మెత్తని పొర, కింద గట్టి సోలు. మెత్తనిది బరువును పాదమంతా పంచుతుంది. గట్టిది రాయీ ముల్లూ దిగకుండా ఆపుతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే లెప్రా సొసైటీ కుష్ఠు బాధితులకు ఇలాంటి చెప్పులే అందిస్తోంది. ఇప్పుడు మధుమేహులకూ వైద్యులు వీటిని సూచిస్తున్నారు.

మరీ మెత్తనైతే...

'అయితే దూదిలాంటి చెప్పులు కొనేద్దాం' అనుకుంటున్నారా? ఆగండి. మరీ మెత్తని, మందపాటి సోలు నేల తీరును పాదానికి తెలియనివ్వదు. పెద్దవాళ్లు తూలిపడే ప్రమాదముంది. మడమ ఎత్తు పెరిగితే బరువంతా వేళ్ల మొదళ్ల మీదకు జారుతుంది. ముందు భాగం పడవలా పైకి వంగిన సోలు అక్కడి ఒత్తిడిని తగ్గిస్తుంది కానీ నిలకడ తప్పొచ్చు. అందుకే డాక్టరు సలహాతోనే వాడాలి.

కొనేముందు...

పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే కొనడం మేలు. కాగితం మీద పాదం చుట్టూ గీత గీసి, చెప్పు దానికి సరిపోతుందో లేదో చూడాలి. వెనక పట్టీ ఉంటే చెప్పు జారదు. స్పర్శ తగ్గినవాళ్లకు వేళ్ల సందులో పట్టీ ఉండే చెప్పులు వద్దు. గుడికి ఎండెక్కకముందే వెళ్లడం మంచిది... కాలిన బండల మీద ప్రదక్షిణ చేస్తే బొబ్బలెక్కినా వాళ్లకు తెలియదు. రోజూ పడుకునేముందు అరికాళ్లు చూసుకోవాలి.

ఈసారి పండక్కి అమ్మానాన్నలకు బట్టలు కొనేముందు వాళ్ల పాత చెప్పుల్ని ఓసారి తిరగేసి చూడండి. వాళ్లు నోరువిప్పి చెప్పని బాధ ఏమిటో ఆ అరుగుదలే చెబుతుంది!