ఖిల్లా చుట్టూ చిన్నమ్మ స్కూటర్

జగిత్యాల ఖిల్లాను దర్వాజ ముందు నిలబడి చూస్తే ఏమీ తెలియదు. రాతిగోడ, లోపల ఖాళీ జాగా, గడ్డి. చూడవచ్చినవాళ్లు ఒక ఫొటో తీసుకుని "గింతేనా" అని మళ్లిపోతారు. ఈ కోటను తిరుగుతూ చూడాలి. గోడ వెంట పోతుంటే అది తిన్నగా సాగదు. ఒకచోట ముందుకు పొడుచుకొస్తుంది, ఆ మొన దాటితే లోపలికి ముడుచుకుంటుంది, మళ్లీ పొడుచుకొస్తుంది. అట్లా రెండు మూడు మొనలు దాటాకగానీ మనం ఒక నక్షత్రం అంచు వెంట పోతున్నామని తెలియదు. నడిస్తే ఆ ఆకారం మనసులో కుదిరేలోపు ఎండ నెత్తికెక్కుతుంది. కారులో పోతే గోడకంటే ముందు సీటే ఎక్కువ కనబడుతుంది. అందుకే ఇంటికొచ్చిన చుట్టాలను నేను స్కూటర్ మీద తిప్పుతాను, దారి దొరికినంత మేర.

మాది ముత్యంపేట. కొండగట్టు కింద ఉన్న ముత్యంపేట కాదు, మల్లాపూర్ మండలంలోని చక్కెర ఫ్యాక్టరీ ముత్యంపేట. సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా చుట్టాల్లో సగం మంది దుబాయిలో, మస్కట్‌లో ఉంటారు. సెలవుకు వస్తే పెండ్లిళ్లు, దావత్‌లు, బ్యాంకు పనులు. అవన్నీ అయిపోయాక ఒక పూట మిగులుతుంది. "మనకాడ చూసెతందుకు ఏమున్నది చిన్నమ్మా?" అని అడిగినవాళ్లకు నా దగ్గర రెండో హెల్మెట్ ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

ఈ పద్ధతి నేను రోమ్‌లో నేర్చుకున్నాను. మా చిన్నబిడ్డ అక్కడ చదువుకునేటప్పుడు చూడటానికి పోతే, వెస్పా మీద ఊరు చూపించేవాళ్ల దగ్గరికి తీసుకుపోయింది. ఇటలీలో చాలా నగరాల్లో ఇదొక వ్యాపారం. లైసెన్సు, దానితోపాటు అంతర్జాతీయ పర్మిట్ ఉన్నవాళ్లకు బండి చేతికిస్తారు. లేనివాళ్లు బండి తోలేవాళ్ల వెనక కూర్చోవచ్చు. హెల్మెట్‌లో చిన్న స్పీకరు ఉంటుంది, ముందున్న గైడు మాట్లాడేది అందులో వినిపిస్తుంది. నాకు మన తొవ్వలే అలవాటు కాబట్టి, కుడివైపు ట్రాఫిక్‌లో బండి నాకొద్దని వెనకనే కూర్చున్నాను. నా ముందున్నామె నా బిడ్డ ఈడుదే. చక్రాల కింద చిన్న చిన్న నల్లరాళ్లు పరిచిన వీధులు. వానపడితే అవి ఎంత జారుతాయో ముందుగానే చెప్పి, నడుం గట్టిగా పట్టుకోమంది.

ఆమె దగ్గర నేను గమనించింది ఒకటే. బండి నడుస్తున్నప్పుడు చిన్న మాటలు, ఆగినప్పుడు ఒక కథ. ఒకచోట ఒకటే కథ, రెండోది లేదు. క్రీ.శ. 80లో తెరిచిన కొలోసియం దగ్గర అసలు ఆగనేలేదు. ఒక చుట్టు తిప్పి, "దీని ఫొటోలు మీరు ముందే చూశారు" అని ముందుకు పోనిచ్చింది. ఆగింది ఎక్కడంటే అవెంటైన్ గుట్ట మీద, మాల్టా వీరుల మఠం తలుపు దగ్గర. ఆ తలుపు తాళపు రంధ్రంలోంచి చూస్తే, కత్తిరించిన చెట్ల వరుస చివరన సెయింట్ పీటర్స్ గుమ్మటం సూటిగా కనబడుతుంది. తరువాత జనికులం గుట్ట. అక్కడ రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. 1847లో మొదలైన ఆచారం, నగరంలోని చర్చి గంటలన్నీ ఒకే వేళకు మోగాలని పెట్టింది. దాహమేస్తే వీధి మూలల్లో ఇనుప నల్లాలు, ఇరవై నాలుగు గంటలూ పారే మంచినీళ్లు, పైసా ఇవ్వక్కర్లేదు. 1870ల నుంచి ఉన్నాయట. మన దగ్గర నల్లా అట్లా వదిలేస్తే గల్లీ అంతా కొట్లాటే.

ఆ బండి గురించి కూడా ఒక మాట చెప్పాలి. వెస్పా పుట్టింది 1946లో. పియాజియో కంపెనీ యుద్ధకాలంలో విమానాలు చేసేది. పొంటెదేరాలోని దాని ఫ్యాక్టరీ బాంబులకు కూలింది. యుద్ధం ముగిశాక జనానికి చవకైన బండి కావాలి, కంపెనీకి పని కావాలి. రూపం గీసే పని హెలికాప్టర్లు చేసిన కొర్రాదినో దస్కానియోకు అప్పజెప్పారు. ఆయనకు మోటార్‌సైకిళ్లంటే గిట్టదు. అందుకే ఇంజన్ రేకు కింద దాక్కుంది, కాళ్లు పెట్టుకునే చోటు ఖాళీగా మిగిలింది, ముందు చక్రం విమానం చక్రంలాగా ఒకవైపు కడ్డీకే ఉంది. చీరె కట్టుకుని కూర్చోగలిగిన బండి మనకు దక్కింది ఆ మనిషి అయిష్టం వల్లనే. బజాజ్ వాళ్లు 1971 దాకా పియాజియో లైసెన్సు మీద మన దేశంలో వెస్పాలు చేశారు, ఆ తర్వాత చేతక్ వచ్చింది. 1980లలో హైదరాబాదు దగ్గర ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అనే సంస్థ కూడా వెస్పాలు చేసింది. మా బావ ఒకటి కొన్నాడు. ముందు అక్క, వెనక నేను, నడుమ పిల్లలు. గైడు మాత్రం లేడు.

ఇక ఖిల్లాకు వద్దాం. పాత గెజిటీర్లు చెప్పే ప్రకారం జఫరుద్దౌలా దీన్ని 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించాడు. కరీంనగర్ పక్కన ఎలగందుల కోటలో 1754 నాటి మసీదు కట్టించినవాడు కూడా ఆయనే, నిజాం కొలువులో పెద్ద సేనాని. కట్టిన ఫ్రెంచివాళ్ల పేర్లు జాక్, టాల్ అని, ఊరికి ఆ రెండు పేర్లే కలిపి పెట్టారని మా దగ్గర చెప్పుకుంటారు. పిల్లలకు భలే నచ్చుతుంది. నేను మాత్రం కథ అని చెప్పే చెప్తాను. నాకు ఆసక్తి కలిగించేది వేరే. బుస్సీ ఫ్రెంచి పటాలంతో హైదరాబాదు వచ్చింది 1751లో. ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాదులో పెట్టిన గన్‌ఫౌండ్రీ అయితే అంతకు చాలా తర్వాతి ముచ్చట. గెజిటీరు తేదీ ప్రకారం ఈ నక్షత్రం వాళ్లందరికంటే ముందే మన నేల మీద పడింది.

నక్షత్రమే ఎందుకు? ఈ మాట అడిగించుకోవడానికే నేను తిప్పుతాను. ఈసారి అడిగింది మా అక్క కొడుకు. దుబాయిలో క్రేన్ ఆపరేటర్. కొలతలు, కోణాలు కంటితోనే పసిగడతాడు.

"చిన్నమ్మా, తిన్నగ కడితె రాయి తక్కువ పడ్తుండె కదనే. గిన్ని మూలలెందుకు?"

"నువ్వు శత్రువనుకో. గోడకు ఆనుకుని యాడనన్న దాక్కో పో. నేను గా పక్క మొన కాడ నిలవడత."

వాడు ముందు మొన కొసకు పోయాడు, కనబడ్డాడు. మడతలోకి జరిగాడు, ఇంకా బాగా కనబడ్డాడు. గోడకు వీపు ఆనించి పక్కకు జరిగాడు, నేను నిలబడ్డ చోటు నుంచి చెప్పులతో సహా కనబడుతూనే ఉన్నాడు. అదీ సంగతి. ఎలగందులలోనో గోల్కొండలోనో గుండ్రటి బురుజు ఉంటుంది. దాని మీద నిలబడ్డ సిపాయికి తన బురుజు కాళ్ల దగ్గర ఎవడున్నాడో కనబడడు. శత్రువు అక్కడ దూరి గోడ కింద తవ్వి మందుగుండు పెట్టవచ్చు. మొనదేరిన బురుజుకు ఆ గుడ్డి జాగా ఉండదు. ఒక మొన పక్కతట్టును దాని ఇరుగు మొన కాస్తుంది, దాన్ని ఇంకోటి కాస్తుంది. ఎవరి కాళ్ల కింద ఏముందో పక్కవాడు చూసిపెడతాడు.

గోడ ఎత్తు కూడా అట్లాగే లెక్క ప్రకారం ఉంటుంది. ఫిరంగులు రాకముందు గోడ ఎంత ఎత్తుంటే అంత మంచిది, నిచ్చెన అందదు. ఫిరంగి గుండుకు మాత్రం ఎత్తైన గోడే తేలికైన గురి. అందుకని 15వ శతాబ్దం చివర నుంచి ఇటలీవాళ్లు గోడను పొట్టిగా, లావుగా చేసి, చుట్టూ కందకం తవ్వారు. బయటివాడికి గోడ కొద్దిగానే కనబడుతుంది. కందకంలోకి దిగినవాడికి మాత్రం అదే గోడ నిలువెత్తుగా ముందు నిలుస్తుంది. వెనిస్ ప్రభుత్వం 1593లో పాల్మనోవా అనే ఊరినంతా ఈ లెక్కన తొమ్మిది మొనల నక్షత్రంగా కట్టేసింది. తర్వాత ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ దగ్గర వోబాన్ అనే ఇంజనీరు దీన్ని గణితశాస్త్రంలా సాధన చేశాడు. ఆయన 1707లో పోయాడు. ఆయన పుస్తకపు చదువు చదివిన ఫ్రెంచివాళ్లు నలభై ఏండ్లలో జగిత్యాల దాకా వచ్చారు. పాల్మనోవాను చూడటానికి జనం విమానాలెక్కి పోతారు. మా ఖిల్లాకు కోరుట్ల నుంచి కూడా రారు.

మా వాడు ఖిల్లా లోపలికి పోయాక బురుజు మీది ఫిరంగి దగ్గర కూర్చుని చాలాసేపు పక్క మొనల వైపు చూశాడు. "దీని చూపు గా మూల మీదికి, గా మూల చూపు దీని మీదికి" అని తనలో తానే వేలితో గీతలు గీసుకున్నాడు. నేను ఇంకేమీ చెప్పలేదు. రోమ్ గైడు నేర్పిన పాఠం అదే మరి, ఒకచోట ఒక్క కథ.

టవర్ సర్కిల్‌లో చాయ్ తాగి ధర్మపురి రోడ్డెక్కితే పొలాస దగ్గరే. జనానికి అది వ్యవసాయ పరిశోధన కేంద్రం, పులస్తేశ్వరుని గుడి. పన్నెండో శతాబ్దంలో మాత్రం అది ఒక రాజధాని. పొలవాస మేడరాజు కాకతీయులకు ఎదురుతిరిగాడు, రుద్రదేవుని చేతిలో ఓడాడు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 శాసనంలో ఆ విజయాలున్నాయి. ఓడినవాళ్ల ఊర్లకు గైడ్లు ఉండరు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. ధర్మపురి గురించి చెప్పేదేమీ లేదు, అందరూ పోయేదే. నరసింహ శతకం రాసిన శేషప్ప ఆ ఊరివాడని గుర్తుచేసి, గోదావరిలో కాళ్లు కడుక్కోమంటాను.

పొద్దుంటే కోటిలింగాల. పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు. శాతవాహనుల కంటే ముందటి రాజులు గోబద, నారన, కంవాయ, సమగోపల నాణేలు, శాతవాహన వంశం మొదటివాడు సిముకుని నాణేలు దొరికింది ఇక్కడే. నిలబడి చూసే కట్టడాలు ఎక్కువ లేవు, కథ చెప్పేవాళ్లు లేకపోతే అది ఒట్టి నది ఒడ్డు. నేను ఇక్కడ రోమ్‌ను తెస్తాను. శాతవాహనుల కాలంలో మన సరుకు రోమ్‌కు పోయేది, వెండి ఇటు వచ్చేది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల కుండే దొరికింది. హిందూదేశం ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ లెక్కగట్టి ఏడ్చింది ఆ కాలంలోనే. గల్ఫ్ రూపాయలతో ఇల్లు కట్టిన మా వాడికి ఈ లెక్క ఇట్టే అర్థమైంది.

ఇంతకీ వాడు నాతో తగవు పడింది వీటన్నింటి మీద కాదు. మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ మీద. పొద్దున బయలుదేరేటప్పుడు గేటు ముందు బండి ఆపాను. "గిది టూరిస్ట్ ప్లేసా? నా చిన్నప్పుడు చెరుకు బండ్ల లైను చూసిన, గిప్పుడు తాళం చూస్తున్న. ఏం చూపిస్తవ్?" అన్నాడు.

చూపించాలనే నా వాదన. రోమ్‌లో ఆ వెస్పా చివరగా ఆగింది ఒక పాత కరెంటు ఫ్యాక్టరీ దగ్గర. 1912లో మొదలై, 1963లో ఆగిపోయిన సెంట్రాలె మోంతెమార్తీని. 1997లో మ్యూజియం శిల్పాలను తెచ్చి దాంట్లో పెట్టారు. నల్లటి డీజిల్ ఇంజన్ల ముందు తెల్లటి పాలరాతి దేవతలు. యంత్రాలను పీకేయలేదు, తుడిచి నూనె పెట్టి ఉంచారు. రోమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఊరి చరిత్ర రాజులతో ఆగిపోదని ఒప్పుకున్న జాగా అది. 1937లో బోధన్‌లో నిజాం పెట్టిన చక్కెర పరిశ్రమకు ముత్యంపేట తర్వాతి కొమ్మ. ఈ చుట్టుపక్కల చెరుకు పంటను, పెండ్లి ముహూర్తాలను, కిరాణా దుకాణం ఖాతాలను నడిపింది ఈ ఫ్యాక్టరీ పొగగొట్టమే. 2015 డిసెంబరులో ఆగింది. ఇదంతా చెప్పాను.

"అట్లయితె దీన్ల కూడ బొమ్మలు పెడ్తరా? మనోళ్లకు గానుగాడాలె చిన్నమ్మా, బొమ్మలేం జేసుకుంటరు?"

ఆ మాటకు నా దగ్గర బదులు లేదు, వెతుకుతున్నట్టు నటించనూ లేదు. రోమ్‌కు కరెంటు ఇంకోచోటి నుంచి వచ్చింది, కాబట్టి పాత ఫ్యాక్టరీకి దేవతలను తేగలిగారు. ఇక్కడ చెరుకు వేసేవాడు ఇప్పటికీ ఈ గేటు తెరవాలనే చూస్తున్నాడు. అందుకని ఇప్పుడు నేను దాన్ని మొదటి మజిలీగానే ఉంచాను గానీ కథ మార్చాను. ఏం జరిగిందో చెప్పి, దీన్ని ఏం చేస్తే బాగుంటుందో వెనక కూర్చున్నవాళ్లనే అడుగుతాను. జగిత్యాల చేరేదాకా ఆ వాదనే నడుస్తుంది. హెల్మెట్‌లో స్పీకరు లేదు కాబట్టి అరుచుకుంటూ పోతాం.