మట్టి కింద తీగ జాడ పట్టే యంత్రం

పట్టణ వీధుల కింద మంచినీటి గొట్టాలు, విద్యుత్ కేబుళ్లు, టెలిఫోన్ తీగలు, గ్యాస్ గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకొని ఉంటాయి. వాటిలో చాలావాటికి పటాలు దొరకవు. దొరికినా, రోడ్డు వెడల్పు మారిపోయి ఉంటుంది గనుక పాత అంచు నుంచి తీసిన కొలతలు అక్కరకు రావు. తవ్వకుండానే వీటి దారిని, లోతును పసిగట్టేందుకు వాడే చేతి పరికరమే కేబుల్ లొకేటర్. పేరును బట్టి అది కేబుల్‌నే వెతుకుతుందని అనుకుంటారు గాని, అది పట్టుకునేది కేబుల్‌లో పారే విద్యుత్తు చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని. విద్యుత్తు పారని తీగ ఎంత లావుదైనా దానికి లేనట్టే లెక్క.

విద్యుత్తు పారే తీగ దిక్సూచి ముల్లును కదిలిస్తుందని డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ 1820లో గమనించగా, మారుతున్న అయస్కాంత క్షేత్రం పక్కనున్న తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుందని, అంటే ప్రేరణ అనే ధర్మాన్ని, 1831లో ఫారడే నిరూపించాడు. ఈ సూత్రంతోనే 1881లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ దేహంలో దిగిన తూటాను వెతకబోయి విఫలుడయ్యాడు. మంచంలోని లోహపు స్ప్రింగులు అడ్డువచ్చాయన్నది చరిత్రకారులు చెప్పే కారణాలలో ఒకటి. మట్టి కింద గొట్టాల దాకా ఈ విద్యను తెచ్చినవారిలో ముఖ్యుడు జర్మనీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన గెర్హార్డ్ ఫిషర్. విమానాలకు రేడియో దిక్కులు చూపే పరికరాలపై పనిచేస్తుండగా, లోహపు కట్టడాలు, ఖనిజ నిక్షేపాలు ఉన్నచోట ఆ దిక్కులు తప్పుతున్నాయని ఆయనకు తెలియవచ్చింది. అందరూ లోపమనుకున్న దానినే ఆయన సాధనంగా మలచి, ప్రసరణ పెట్టె ఒకటి, గ్రహణ పెట్టె మరొకటి ఉండే మెటలోస్కోప్‌ను రూపొందించి, 1937లో పేటెంటు పొందాడు.

నేటి లొకేటర్‌లోనూ రెండు భాగాలే ఉంటాయి. ట్రాన్స్‌మిటర్ అనే పెట్టె తీగలోకి నిర్ణీత పౌనఃపున్యంతో, అంటే సెకనుకు ఇన్నిసార్లు దిశ మారే లెక్కతో, విద్యుత్తును పంపుతుంది; దాని క్షేత్రాన్ని రిసీవర్ అనే రెండో భాగం నేలమీద నుంచి పట్టుకుంటుంది. ఒక వైరును గొట్టానికి తగిలించి, మరొక వైరును నేలలో దిగ్గొట్టిన ఇనుప కడ్డీకి కలిపితే సంకేతం అన్నిటికన్నా స్పష్టంగా వస్తుంది. గొట్టం అందని చోట పెట్టెను నేలమీదే ఉంచి ప్రేరణతో పంపవచ్చు గాని, అప్పుడు పక్క గొట్టాలలోకీ అది పాకుతుంది. 512 హెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యం పక్కకు పోకుండా చాలా దూరం సాగితే, 33 కిలోహెర్ట్జ్ వంటిది సులువుగా ఎక్కి, అంతే సులువుగా పక్క తీగలోకి దూకుతుంది. ఏది వాడాలో నిర్ణయించడంలోనే పనివాడి నేర్పు తెలుస్తుంది. విద్యుత్ సరఫరా ఉన్న కేబుల్‌ను ట్రాన్స్‌మిటర్ లేకుండానే దాని 50 హెర్ట్జ్ సంకేతంతో గుర్తించవచ్చు గాని, అందులో ఎదురెదురుగా పోయే విద్యుత్తులు సరిసమానమైతే వాటి క్షేత్రాలు పరస్పరం రద్దయి రిసీవర్ మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని నమ్మి గునపం వేసినవారు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు.

లోతు లెక్కించే పద్ధతి ముచ్చటైనది. రిసీవర్‌లో ఒక తీగచుట్ట అడుగున, మరొకటి కొంత ఎత్తున ఉంటాయి; పొడవైన తీగ నుంచి దూరం రెట్టింపైతే క్షేత్రం సగమవుతుంది గనుక, రెండు చుట్టల సంకేతాల నిష్పత్తి నుంచే లోతు తేలుతుంది. చుట్టల మధ్య ఎడం 40 సెంటీమీటర్లు ఉండి, కింది సంకేతం పైదానికి ఒకటిన్నర రెట్లుంటే, తీగ కింది చుట్టకు 80 సెంటీమీటర్ల దిగువన ఉన్నట్టు. అయితే ఈ కొలత గొట్టం నడిబొడ్డుకు గాని దాని పైభాగానికి కాదు: 60 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టానికి 1 మీటరు అని చూపితే, 70 సెంటీమీటర్లకే పార దానికి తగులుతుంది.

ప్లాస్టిక్ గొట్టంలో, లోహపు తొడుగు లేని ఫైబర్ కేబుల్‌లో విద్యుత్తు పారదు గనుక లొకేటర్‌కు అవి దొరకవు; వేసేటప్పుడే వెంట ఒక రాగి తీగను పరచకపోవడం చేజేతులా చేసుకునే నష్టం. ఇలాంటి చోట రేడియో తరంగాలను నేలలోకి పంపి ప్రతిధ్వనులను చదివే భూభేదక రాడార్‌ను వాడతారు గాని, తడిసిన బంకమట్టి ఆ తరంగాలను పీల్చేస్తుంది గనుక, తెలుగు నేలపై విస్తారంగా ఉన్న నల్లరేగడి వానాకాలంలో దానికి అంతగా లొంగదు. తవ్వేవారు గొట్టాల, కేబుళ్ల యజమానులకు ముందే కబురందించేందుకు భారత ప్రభుత్వం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రారంభించింది. తవ్వేవారు దానిలో కబురు పెట్టి, లొకేటర్‌తో గీత గీసుకున్న తర్వాత కూడా, ఆ గీత దగ్గర పొక్లెయిన్‌ను, గడ్డపారను పక్కనబెట్టి, పారతో మెల్లగా మట్టి తీసి తీగను కళ్లారా చూశాకే మిగతా పని మొదలుపెట్టాలి.