పాటకు పాసు మార్కులు... మరి పోస్టరుకు?

నాలుగు నిమిషాల వీడియో. దానికో పోస్టరు. యూట్యూబ్‌లో పెట్టడానికో బొమ్మ. మూడూ కలిస్తే ఓ విద్యార్థి ప్రాజెక్టు. సరే... మార్కులు దేనికి వెయ్యాలి? కెమెరాకా? పాటకా? వచ్చిన వ్యూస్‌కా?

నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడ దాటి, దామరచర్ల మీదుగా వాడపల్లి దాకా వెళ్తే చాలు. ఓ పాట తియ్యడానికి కావాల్సిన లొకేషన్లన్నీ దారిలోనే దొరుకుతాయి. వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. సంగమం ఒడ్డున పాత గుళ్లున్నాయి. వంతెన దాటితే పొందుగల, అక్కణ్నుంచి పల్నాడు. ఇవతలి పక్క వీర్లపాలెం దగ్గర అయిదు యూనిట్లతో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. చుట్టూ పొలాలు, లంబాడీ తండాలు. ఇక్కడి కుర్రాడి చేతిలో ఓ మంచి సెల్లూ, ఎడిటింగ్ యాప్ వాడటం తెలిసిన ఓ దోస్తూ ఉంటే పాట తియ్యడం పెద్ద పనేం కాదు.

తీస్తున్నారు కూడా. తెలంగాణలో ప్రైవేటు జానపద గీతం ఇప్పుడు సినిమా పాటతో పోటీ పడుతోంది. మాస్ కమ్యూనికేషన్, విజువల్ కమ్యూనికేషన్ కోర్సుల్లో ఉన్న పిల్లలకి మ్యూజిక్ వీడియో ఇష్టమైన ప్రాజెక్టు. చిక్కంతా తీశాకే. 'సూపర్ అన్నా', 'నెక్స్ట్ లెవల్' అని కింద వంద కామెంట్లు వస్తాయి. లెక్చరరు 'బాగుంది, ఇంకా బాగుండొచ్చు' అంటారు. రెండింటివల్లా ఆ కుర్రాడికి తెలిసిందేమీ లేదు!

నలభై మార్కులే!

విద్యార్థి తీసిన మ్యూజిక్ వీడియోని ఎలా తూచాలన్నదానికి పద్ధతి ఒకటి ఏర్పరిచింది బ్రిటన్. అక్కడ మన ఇంటర్‌తో సమానమైన ఎ-లెవెల్‌లో మీడియా స్టడీస్ ఓ సబ్జెక్టు. ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు 2008లో మొదలుపెట్టిన పాఠ్యప్రణాళికలో, రెండో ఏడాది పిల్లలు ఎంచుకోగల ప్రాజెక్టుల్లో 'ఆల్బమ్ విడుదలకు ప్రచార ప్యాకేజీ' ఒకటి. అంటే ఒక మ్యూజిక్ వీడియో తియ్యాలి. దానికి తోడు సీడీ పెట్టుకునే మడత అట్ట కవరు(దాన్నే డిజిప్యాక్ అంటారు), పత్రికలో వేసే ప్రకటన, బృందం వెబ్‌సైట్ మొదటి పేజీ... ఈ మూడింట్లో ఏవైనా రెండు తయారుచెయ్యాలి.

మొత్తం 100 మార్కులు. పరిశోధనకీ ప్రణాళికకీ 20. వీడియోకి 40. ప్రచార సామగ్రికి పదేసి చొప్పున 20. మిగతా 20 మూల్యాంకనానికి. ఆ మూల్యాంకనం రాయాల్సింది మేష్టారు కాదు, విద్యార్థే!

గమనించారా? రాత్రింబవళ్లు కష్టపడి తీసిన వీడియోకి దక్కేది సగం కంటే తక్కువ. 'మేం తీసింది పాట కదా, పోస్టరు చివర్లో ఎవరితోనైనా చేయిద్దాంలే' అనుకున్నవాడు అక్కడే ఇరవై మార్కులకు నీళ్లొదులుకున్నట్టు.

మూల్యాంకనంలో అడిగే ప్రశ్నలు నాలుగు. బయట మార్కెట్లో ఉన్న వీడియోల పద్ధతుల్ని నువ్వెక్కడ పాటించావు, ఎక్కడ కాదన్నావు? అసలు వీడియో, ప్రచార సామగ్రి కలిసి ఎంత బాగా పనిచేశాయి? ప్రేక్షకులు చెప్పిందాన్నుంచి ఏం నేర్చుకున్నావు? ఏ దశలో ఏ సాంకేతిక పరిజ్ఞానాన్ని ఎలా వాడావు? 2017 నుంచి బోధించిన కొత్త పాఠ్యప్రణాళికలో పద్ధతి మారింది. ఏం తియ్యబోతున్నాడో, ఎందుకో ముందే ఓ 'ఉద్దేశ ప్రకటన' రాసివ్వాలి. అయినా, నాలుగు ప్రశ్నల్లో రెండోదాన్ని మించింది లేదు. మన దగ్గర దాన్ని అడిగేవాళ్లే తక్కువ.

ఖాళీ బుట్ట కథ

మాట వరసకి ఓ ప్రాజెక్టు అనుకుందాం. దామరచర్ల చుట్టుపక్కల తండాకి చెందిన డిగ్రీ కుర్రాడు గోర్ బోలీలో, అంటే లంబాడీ భాషలో ఓ పాట తీశాడు. తీజ్ పండక్కి ఇంటికి రాలేకపోయిన అక్క గురించి ఆ పాట. అక్క హైదరాబాద్‌లో ఏదో పనిలో ఉంది. సెలవు దొరకలేదు. ఇక్కడ చెల్లెళ్లు వెదురు బుట్టల్లో గోధుమలు చల్లి, నీళ్లు పోసి, మొలకల చుట్టూ తొమ్మిది రోజులు ఆడిపాడుతున్నారు. అక్క బుట్ట ఖాళీగా ఉంది. వీడియోలో బస్సు కిటికీ, హాస్టల్ మంచం, మోగి మోగి ఆగిపోయే ఫోను...

ఇక పోస్టరు చూద్దాం. అద్దాల కాంచళి, పేటియా వేసుకున్న అమ్మాయి గిర్రున తిరుగుతోంది. వెనక సూర్యాస్తమయం. మూలన థర్మల్ పొగగొట్టాలు. పసుపూ ఎరుపూ అక్షరాలు. యూట్యూబ్ బొమ్మలో అదే అమ్మాయి ముఖం, కంట్లో నీళ్లు, పక్కన 'ఏడవకుండా చూడలేరు' అని ఓ సవాలు.

దేనికదే బాగుంది. మూడూ పక్కపక్కన పెడితే మాత్రం మూడు వేర్వేరు పాటలు! పోస్టరు చూసినవాడు డీజే పాట అనుకుని వస్తాడు. ఇరవయ్యో సెకనుకే పోతాడు. నిజంగా ఆ కథ కావాల్సినవాడు పోస్టరు చూసి 'మనకెందుకులే' అని అసలు రాడు.

దీన్ని తప్పు అని కొట్టిపారెయ్యడానికి కూడా లేదు. ఇక్కడే మూల్యాంకనం అక్కరకొస్తుంది. 'ఆ నాట్యం అక్క తన ఫోన్లో చూస్తున్న వీడియో. పోస్టరులో కావాలనే పండగ చూపించాను, వీడియోలో అది అందకుండా చేశాను' అని ఆ కుర్రాడు చెప్పగలిగాడనుకోండి, అది ఎంపిక. అలా చెప్పాలంటే వీడియోలో ఆ ఫోను షాటు ఉండాలి. పోస్టరు అంచున ఫోను చట్రం కనపడాలి. అవేం లేకుండా చివర్లో మాటలు పేరిస్తే అది సాకు. ఎంపికకీ సాకుకీ తేడా కనిపెట్టడమే మార్కులు వేసేవాళ్ల అసలు పని.

ఖర్చు లేని మార్గం ఇంకోటుంది. పోస్టరు మీద పదకొండు బుట్టలు వరసగా. పదింట్లో పచ్చటి మొలకలు. ఒకటి ఖాళీ. వీడియో చివరి షాటులో అదే బుట్ట. యూట్యూబ్ బొమ్మలోనూ అదే. ముఖాలేవీ లేకుండానే మూడింటికీ బంధుత్వం కుదిరింది. రంగు, అక్షరాల తీరు, ఒక వస్తువు... ఈ మూడూ అన్నిచోట్లా కొనసాగితే చూసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

అక్షరాలంటే గుర్తొచ్చింది. గోర్ బోలీకి సొంత లిపి లేదు. ఇక్కడివాళ్లు తెలుగు అక్షరాల్లో రాస్తారు. పేరు తెలుగులో చూసి తెలుగు పాటనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి పేరు కింద చిన్నగా 'లంబాడీ పాట' అనీ, వీడియోలో తెలుగు సబ్‌టైటిల్సూ పెడితే రెండు రకాల ప్రేక్షకులూ దక్కుతారు. మిర్యాలగూడలో ఫ్లెక్సీ కొట్టించేటప్పుడు నిండుగా కనపడే సన్నక్షరాలు సెల్లులో చీమల్లా కనపడతాయి. పోస్టరుని ఒక్కసారి బొటనవేలి గోరంత చేసి చూసుకోవాలి. చదవగలిగితేనే పాసు!

బొమ్మా పాటా ఏమవుతాయి?

వీడియో సంగతికొద్దాం. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలైంది. 1983లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ని జాన్ ల్యాండిస్ దాదాపు 14 నిమిషాల చిన్న సినిమాలా తీశాడు. అప్పట్నుంచి పాటకు బొమ్మ అలంకారం కాదు, ఓ కళారూపం. ఆండ్రూ గుడ్విన్ అనే పండితుడు 1992లో రాసిన పుస్తకంలో పాటకీ దృశ్యానికీ మూడు రకాల సంబంధాలు చెప్పాడు. పాటలో ఉన్నదే చూపించడం ఒకటి. ఉన్నదానికి కొత్త అర్థం జోడించడం రెండు. సంబంధమే లేనిది చూపించడం మూడు.

మన పిల్లల వీడియోల్లో ఎక్కువ భాగం మొదటి రకమే. 'వాన' అంటే వాన, 'బావ' అంటే బావ. మొదటి చరణానికి ముద్దుగానే ఉంటుంది. మూడో చరణానికి విసుగు. ఖాళీ బుట్ట రెండో రకం. పాటలో బుట్ట మాట లేకపోయినా చూసేవాడి గుండెల్లోకి వెళ్తుంది.

డబ్బు లేదనే బెంగ అక్కర్లేదు. 2006లో 'ఓకే గో' బృందం ఎనిమిది ట్రెడ్‌మిల్లులు వరసగా పెట్టి, వాటి మీద డాన్సు చేస్తూ ఒకే షాటులో పాట తీసింది. కెమెరా కదల్లేదు. కట్ లేదు. ఆ వీడియోకి 2007లో గ్రామీ అవార్డు వచ్చింది. డ్రోన్ అద్దెకు తెచ్చి సంగమం మీద నాలుగు చక్కర్లు కొట్టించినంత మాత్రాన మార్కులు పెరగవు. ఆ షాటు కథలో ఎందుకుందో చెప్పగలిగితే పెరుగుతాయి.

ఒక్క విషయంలో మాత్రం క్షమాపణ ఉండదు. పెదవుల కదలిక! పాట మోగుతుంటే నటి పెదవి సగం సెకను వెనకబడితే ఎంత గొప్ప కథైనా నవ్వులపాలవుతుంది. సినిమావాళ్లకి దీని విలువ తెలుసు. షూటింగ్‌లో పాట మోగించే యంత్రాన్ని వాళ్లు 'నాగ్రా' అనేవారు. స్టెఫాన్ కుదెల్‌స్కీ తయారుచేసిన టేప్ రికార్డరు పేరది. ఆయన మాతృభాష పోలిష్‌లో ఆ మాటకు 'రికార్డు చేస్తుంది' అని అర్థం. ఇప్పుడు నాగ్రా లేకున్నా పద్ధతి అదే. బ్లూటూత్ స్పీకరులో పాట గట్టిగా పెట్టాలి, మొదట్లో చప్పట్లు కొట్టాలి, పెదవి కదిపి ఊరుకోకుండా నిజంగానే గొంతెత్తి పాడాలి. గొంతు నరాలు కదలకపోతే అబద్ధం తెలిసిపోతుంది.

అయిదుగురు చాలు

ప్రేక్షకుల అభిప్రాయం అనగానే వ్యూస్ లెక్క రాసేస్తారు. అంతకంటే అయిదుగురు మనుషులు మేలు. దోస్తులు వద్దు, వాళ్లు మెచ్చుకోకుండా ఉండలేరు. బస్టాండులో టీ కొట్టాయన, ట్యూషన్ పిల్ల, తండాలో ఓ అవ్వ, తండా సంగతే తెలియని పట్నం మనిషి, పాటలు పాడే ఎవరైనా ఒకరు.

ముందు పోస్టరు ఒక్కటే చూపించాలి. 'ఇది ఎలాంటి పాటై ఉంటుంది?' అని అడిగి వాళ్లన్నది అన్నట్టే రాసుకోవాలి. తర్వాత శబ్దం ఆపేసి వీడియో చూపించి కథ చెప్పమనాలి. చివర్లో శబ్దంతో. ఫోను ఎప్పుడు పక్కన పెట్టారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ 'మళ్లీ చూపించు' అన్నారు... ఈ మూడూ రాసుకుంటే మూల్యాంకనం సగం అయిపోయినట్టే. అయిదుగురిలో ముగ్గురు పోస్టరు చూసి 'పెళ్లి పాట' అన్నారంటే పోస్టరు మార్చాల్సిందే. రిలీజు తేదీ దాటిపోయినా సరే, మార్చాను అని రాసిన పేజీకి మార్కులుంటాయి.

ఆ అవ్వని మాత్రం విడిగా అడగాలి. 'తీజ్ ఇట్లనే చేస్తరా?' అని. మొలకల బుట్టను ఎవరు ముట్టుకోవాలో, ఏ పాట ఏ రోజు పాడాలో ఆమెకి తెలుసు. సినిమాల్లో చూసి వేయించిన బట్టలు ఏవో కూడా ఆమె ఇట్టే పట్టేస్తుంది.

ఆ అమ్మాయి ఊళ్లోనే ఉంటుంది

లారా మల్వీ అనే సినీ విమర్శకురాలు 1975లో ఓ వ్యాసం రాశారు. సినిమా కెమెరా మగవాడి చూపుతో ఆడదాన్ని చూస్తుందన్నది అందులో కీలకం. యూట్యూబ్ జానపదాల చిన్న బొమ్మలు చూస్తే ఆమె మాట ఎంత నిజమో తెలుస్తుంది. వీడియోలో ఎక్కడో అర సెకను కనిపించే నడుమే బయట పెద్దదై కూర్చుంటుంది.

కాలేజీ ప్రాజెక్టులో ఇది ఇంకా బరువైన సంగతి. సినిమా నటి సినిమా నటే. ఇక్కడ నటించేది క్లాస్‌మేటో, తండాలో పక్కింటి అమ్మాయో. ప్రాజెక్టుకి మార్కులు పడి కుర్రాడు వెళ్లిపోతాడు. ఆ బొమ్మ మాత్రం ఉంటుంది. ఎవరో దించుకుని ఇంకో పాటకి అతికిస్తారు. స్టేటస్‌లలో తిరుగుతుంది. ఆ అమ్మాయి మర్నాడు అదే వీధిలోంచి బస్సుకి నడవాలి. కాబట్టి 'నటించడానికి ఒప్పుకుంది' అంటే సరిపోదు. పోస్టరు మీద ఏ ఫొటో వెయ్యాలో ఆమే చూసి ఎంచుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న, 'బొమ్మ ఎవరు ఎంచారు?' అన్నది, మూల్యాంకనం ఫారంలో అయిదోదిగా చేర్చాల్సిందే.

పేర్లు ఎక్కడ?

పోస్టరు అడుగున పేర్ల వరస ఉంటుంది. హడావుడిగా నింపేది అదే. ఈ ప్రాంతానికి ఆ వరస విలువ బాగా తెలియాలి. 'బండెనక బండి కట్టి' అనగానే అందరికీ గద్దర్ గుర్తొస్తారు. గౌతం ఘోష్ దర్శకత్వంలో బి.నర్సింగరావు నిర్మించిన 'మాభూమి'లో తెర మీద కనిపించి పాడింది ఆయనే కాబట్టి. ఆ పాట రాసింది సాయుధ పోరాట యోధుడు బండి యాదగిరి. తెర మీద ముఖానిది అంత బలం!

2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడూ ఇదే గొడవ. సుద్దాల అశోక్ తేజ రాయగా మంగ్లీ పాడిన పాట అది. దాని మూలమైన జానపదాన్ని అంతకుముందే 'రేలా రే రేలా' టీవీ వేదిక మీద పాడిన కోమలి, తనకు గుర్తింపు ఏదని అడిగారు. దర్శకుడు శేఖర్ కమ్ముల వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

విద్యార్థి ప్రాజెక్టుల్లో 'రచన, సంగీతం: జానపదం' అని రాసి చేతులు దులుపుకోవడం మామూలే. ఆ జానపదాన్ని సెల్లులో రికార్డు చేసుకున్నది ఎవరో ఒకరి గొంతులోంచే కదా! ఏ తండాలో ఎవరు పాడితే విన్నాడో, ఏ చరణం తను కలిపాడో, ఏ మాట మార్చాడో రాయడానికి రెండు లైన్లు చాలు. పోస్టరు మీద చోటు లేదంటే వీడియో మొదటి షాటు కింద వెయ్యొచ్చు, చివర్లో కాదు. చివరి పేర్లు పడేలోపు యూట్యూబ్ తర్వాతి పాటకి వెళ్లిపోతుంది.