గాలి రొద, గాలి కుదుపు: మోటారు సైకిలుకు సరైన విండ్‌షీల్డ్‌ను ఎంచుకోవడం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• బండి వేగానికీ, గాలి పీడనానికీ, గాలి రొదకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ధారారేఖా ప్రవాహానికీ, సంక్షుబ్ధ ప్రవాహానికీ తేడా చెప్పగలుగుతారు.
• మీ ఎత్తుకు, మీ బండికి తగిన విండ్‌షీల్డ్‌ను ఎంచుకుని పరీక్షించుకోగలుగుతారు.

7.0 ఉపోద్ఘాతం

వరంగల్ నుంచి జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా హైదరాబాద్ వెళ్లే 163వ జాతీయ రహదారి ప్రయాణం దాదాపు 145 కిలోమీటర్లు. ఈ దారిలో మీరు మోటారు సైకిలు మీద వెళ్లి ఉంటే ఒక అనుభవం తప్పక కలిగి ఉంటుంది. బండి దిగిన తరువాత కూడా చెవుల్లో గుయ్‌మని మోత వినిపిస్తుంది. మెడ పట్టేసినట్టు ఉంటుంది. చాలామంది దీన్ని ఇంజను చప్పుడు వల్ల, రోడ్డు వల్ల వచ్చిన అలసట అనుకుంటారు. నిజానికి వేగం పెరిగేకొద్దీ ఇంజను చప్పుడును గాలి రొద మించిపోతుంది.

దీనికి విరుగుడుగా కొందరు బండికి విండ్‌షీల్డ్ బిగిస్తారు. ఒకరు హాయిగా ఉందంటారు. అదే బండి, అదే విండ్‌షీల్డ్ ఉన్న ఇంకొకరు రొద రెట్టింపయిందని విప్పేస్తారు. ఇద్దరూ చెప్పేది నిజమే. అలా ఎందుకు జరుగుతుందో ప్రవాహి గతిశాస్త్రం సహాయంతో ఈ భాగంలో తెలుసుకుందాం.

7.1 వేగం, గాలి పీడనం

గాలి కదలకుండా ఉన్నప్పుడు బండి గంటకు 80 కి.మీ. వేగంతో పోతే, మీకు ఎదురుగా గాలి అదే వేగంతో వచ్చినట్టే లెక్క. ఎదురుగాలి గంటకు 20 కి.మీ. వేగంతో వీస్తుంటే, 60 కి.మీ. వేగంతో వెళ్లేటప్పుడే మీ ఛాతీకి 80 కి.మీ. గాలి తగులుతుంది. మనకు ముఖ్యమైనది ఈ సాపేక్ష వేగం.

ఎదురుగాలి కలిగించే గతిక పీడనానికి సూత్రం ఇది:

గతిక పీడనం = ½ × గాలి సాంద్రత × (వేగం)²

ఎండాకాలం వరంగల్‌లో గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.1 కిలోగ్రాములు అనుకుందాం. గంటకు 40 కి.మీ. అంటే సెకనుకు 11.1 మీటర్లు. పీడనం సుమారు 68 పాస్కల్‌లు వస్తుంది. 80 కి.మీ. వద్ద అది 272 పాస్కల్‌లు. వేగం రెండింతలైతే పీడనం నాలుగింతలైంది.

గాలికి ఎదురయ్యే మీ శరీర వైశాల్యం 0.4 చదరపు మీటరు, నిరోధ గుణకం 1 అనుకుంటే, 80 కి.మీ. వద్ద మీపై పడే బలం దాదాపు 109 న్యూటన్‌లు. అంటే ప్రయాణం పొడుగునా సుమారు 11 కిలోల బరువును ఛాతీతో, మెడతో నెట్టుకుంటూ పోవడమే. ఒంటి నొప్పులకు మూలం ఇక్కడ ఉంది.

7.2 సుడులు ఎలా పుడతాయి

ప్రవాహంలోని పొరలు ఒకదానిపై ఒకటి సాఫీగా జారిపోతే అది ధారారేఖా ప్రవాహం. పొరలు చెదిరి, సుడులు తిరుగుతూ కలిసిపోతే అది సంక్షుబ్ధ ప్రవాహం. ఈ రెండింటి తేడాను 1883లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగునీటితో చూపాడు.

మీరు హనుమకొండ ప్రాంతంలో ఉంటే ఈ ప్రయోగానికి పరికరాలు అక్కర్లేదు. నీళ్లు వదిలినప్పుడు కాకతీయ కాలువపై ఉన్న ఏదైనా వంతెన మీద నిలబడి, స్తంభానికి దిగువ వైపు చూడండి. స్తంభం దాటిన నీరు వెంటనే కలిసిపోదు. ఒకసారి ఎడమ వైపు, ఒకసారి కుడి వైపు సుడులు విడిపోతూ వరుసగా కొట్టుకుపోతాయి. ఈ సుడుల వరుసకు గణిత వివరణ ఇచ్చినవాడు థియొడోర్ వాన్ కార్మాన్ (1911–12). అందుకే దీన్ని కార్మాన్ సుడుల వీథి అంటారు.

సుడులు సెకనుకు ఎన్నిసార్లు విడిపోతాయో అంచనా వేయడానికి, గాలిలో తీగలు చేసే శబ్దంపై 1878లో స్ట్రౌహాల్ చేసిన పరిశోధన పనికివస్తుంది:

పౌనఃపున్యం = 0.2 × వేగం ÷ అడ్డంకి వెడల్పు

3 మిల్లీమీటర్ల తీగ మీద సెకనుకు 6 మీటర్ల గాలి వీస్తే పౌనఃపున్యం 400 హెర్ట్జ్. పొలాల మధ్య కరెంటు తీగలు గాలికి పాడినట్టు వినిపించేది ఇందుకే. ఇప్పుడు 0.4 మీటర్ల వెడల్పున్న విండ్‌షీల్డ్‌ను 80 కి.మీ. వేగం వద్ద తీసుకోండి. పౌనఃపున్యం దాదాపు 11 హెర్ట్జ్. విండ్‌షీల్డ్ గుండ్రటి స్తంభం కాదు కనుక ఇది స్థూలమైన అంచనా మాత్రమే. అయినా ఒక విషయం తెలుస్తుంది. 20 హెర్ట్జ్‌కు తక్కువైన కంపనాన్ని మనం స్వరంగా వినలేం, ఒంటితో అనుభవిస్తాం. సెకనుకు పది సార్లు హెల్మెట్‌ను ఎవరో తట్టినట్టు అనిపించే గాలి కుదుపు ఇదే. పెద్ద సుడులు చిన్నచిన్న సుడులుగా విరిగి హెల్మెట్ అంచులను తాకినప్పుడు వినిపించేది గాలి రొద.

7.3 చెవికి ఎంత చేటు

గట్టి ఉపరితలాలను తాకే సంక్షుబ్ధ ప్రవాహం నుంచి వెలువడే ధ్వని సామర్థ్యం వేగపు ఆరో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1955లో కర్ల్ సిద్ధాంతం చూపింది. 40 నుంచి 80 కి.మీ.కు వెళితే ధ్వని సామర్థ్యం 64 రెట్లవుతుంది. డెసిబెళ్లలో ఇది 18 పెరుగుదల.

హెల్మెట్ లోపల, చెవి దగ్గర కొలిచిన అధ్యయనాల్లో 80 కి.మీ. వేగం వద్దనే ధ్వని స్థాయి 90 డెసిబెళ్లు దాటింది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ల రొదలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఈ సమయం సగానికి తగ్గుతుంది. అంటే 91 వద్ద 2 గంటలు, 94 వద్ద గంట, 100 వద్ద 15 నిమిషాలు. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. సరుకుల డెలివరీ పనిలోనో, సేల్స్ ఉద్యోగంలోనో రోజంతా బండి మీద తిరిగేవారు ఈ లెక్కను తేలికగా తీసుకోకూడదు.

7.4 విండ్‌షీల్డ్ చేసే పని

విండ్‌షీల్డ్ గాలిని ఆపదు, దాని దారి మళ్లిస్తుంది. దాని పై అంచు దాటిన గాలి సంక్షుబ్ధమై ఒక పొరగా వెనక్కి పోతుంది. ఆ పొర మీ హెల్మెట్‌కు తగులుతుందా, తగలదా అన్నదే అసలు ప్రశ్న. మూడు సందర్భాలు ఉన్నాయి.

(అ) పొట్టి విండ్‌షీల్డ్: చెదిరిన గాలి ఛాతీకి, భుజాలకు తగులుతుంది. హెల్మెట్ చెదరని గాలిలో ఉంటుంది. రొద ఉంటుంది కానీ కుదుపు తక్కువ. ఛాతీ మీద భారం కొంత తగ్గుతుంది.

(ఆ) మధ్యస్థ విండ్‌షీల్డ్: చెదిరిన పొర సూటిగా హెల్మెట్‌ను తాకే అవకాశం ఎక్కువ. ఛాతీకి హాయి, చెవికి నరకం. విండ్‌షీల్డ్ పెట్టాక రొద పెరిగిందనే ఫిర్యాదు ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది.

(ఇ) ఎత్తయిన విండ్‌షీల్డ్: పొర హెల్మెట్ పై నుంచి పోతుంది. రొద, కుదుపు రెండూ తగ్గుతాయి. అయితే గాలి తగలక ఎండాకాలం ఉక్కపోస్తుంది. పక్క నుంచి వీచే గాలికి బండి ఎక్కువగా ఊగుతుంది.

ఒకే బండి మీద 5 అడుగుల 4 అంగుళాల మనిషికి (ఇ) అయిన విండ్‌షీల్డ్, 5 అడుగుల 10 అంగుళాల మనిషికి (ఆ) అవుతుంది. ఉపోద్ఘాతంలో చెప్పిన ఇద్దరి మాటా నిజం కావడానికి కారణం ఇదే. కాబట్టి ఇతరుల సలహా వినేటప్పుడు ముందు వారి ఎత్తు అడగండి.

7.5 ఎంపికలో గమనించవలసినవి

ఎత్తు: ఎత్తయిన రకం కొంటే, మీరు మామూలుగా కూర్చున్నప్పుడు దాని పై అంచు ముక్కు ఎత్తుకు దగ్గరగా ఉండాలి. రోడ్డును అంచు పై నుంచి చూడాలి, ప్లాస్టిక్ గుండా కాదు. గీతలు పడిన ప్లాస్టిక్ మీద వర్షపు చినుకులు, ఎదుటి లారీ లైట్లు కలిస్తే రాత్రిపూట దారి కనిపించదు.

అడుగున సందు: విండ్‌షీల్డ్ వెనుక పీడనం తగ్గుతుంది. అందుకే గాలి సుడి తిరిగి వెనుక నుంచి మిమ్మల్ని ముందుకు నెట్టినట్టు అనిపిస్తుంది. కింది వైపు కొద్దిగా సందు ఉంటే అక్కడికి గాలి చేరి పీడన భేదం తగ్గుతుంది. కుదుపూ తగ్గుతుంది.

వాలు: కోణం, ఎత్తు మార్చుకునే బిగింపు ఉన్న రకం మేలు. రెండు మూడు సెంటీమీటర్ల మార్పే చాలాసార్లు ఫలితాన్ని మార్చేస్తుంది.

బిగింపు: హ్యాండిల్‌కు బిగించే పెద్ద విండ్‌షీల్డ్ మీద పడిన గాలి బలం నేరుగా హ్యాండిల్‌కు చేరుతుంది. లారీని దాటేటప్పుడు, ఫ్లైఓవర్ మీద ఇది ప్రమాదకరం కావచ్చు. హ్యాండిల్ పూర్తిగా రెండు వైపులా తిరుగుతోందో లేదో, వైర్లు లాగుతున్నాయేమో చూడండి.

పదార్థం: యాక్రిలిక్ స్వచ్ఛంగా ఉంటుంది, గట్టి దెబ్బకు పగులుతుంది. పాలికార్బనేట్ దెబ్బకు ఓర్చుకుంటుంది, కానీ తేలికగా గీతలు పడుతుంది. దాన్ని పెట్రోలుతో తుడవకూడదు. ముందు నీళ్లు పోసి దుమ్ము కడిగి, సబ్బునీటిలో తడిపిన మెత్తటి నూలుగుడ్డతో తుడవాలి.

7.6 కొనేముందు పరీక్ష

వాహనాలు లేని తిన్నటి రోడ్డు మీద, గంటకు 50 కి.మీ. వేగంతో, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, ఫుట్‌రెస్ట్‌ల మీద బరువు మోపి కొద్దిగా పైకి లేవండి. తరువాత కొద్దిగా కిందికి వంగండి. పైకి లేచినప్పుడు రొద తగ్గితే, మీ తల చెదరని గాలిలోకి వెళ్లిందని అర్థం. మీకు పొట్టి విండ్‌షీల్డ్ సరిపోతుంది. వంగినప్పుడు తగ్గితే, ఇంకా ఎత్తయినది కావాలి. అదే రకం విండ్‌షీల్డ్ ఉన్న స్నేహితుని బండి మీద ఈ పరీక్ష చేసి, ఆ తరువాతే డబ్బు పెట్టండి.

7.7 ఖర్చు లేని ఉపాయాలు

80కి బదులు 70 కి.మీ. వేగంతో వెళ్లండి. ఆరో ఘాత నియమం ప్రకారం ధ్వని సామర్థ్యం సగానికి తగ్గుతుంది. అంటే సుమారు 3.5 డెసిబెళ్లు. నియోష్ లెక్కలో సురక్షిత సమయం రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. 145 కి.మీ. దూరానికి అదనంగా పట్టేది 15 నుంచి 16 నిమిషాలు మాత్రమే.

హెల్మెట్ కింది భాగం, గడ్డాన్ని కప్పే భాగపు పరిసరాలు చెవికి చేరే రొదకు ముఖ్య మూలమని ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. కాబట్టి తలకు బిగువుగా సరిపోయే హెల్మెట్ వాడండి. దాని అద్దం పూర్తిగా మూయండి. మెడ చుట్టూ దస్తీ కట్టి, కొసలు గాలికి ఎగరకుండా జాకెట్ లోపలికి దోపుకోండి. విండ్‌షీల్డ్ ఎంత మంచిదైనా ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్‌కు ప్రత్యామ్నాయం కాదు.

7.8 సారాంశం

గాలి పీడనం వేగపు వర్గంతో, గాలి రొద దాదాపు ఆరో ఘాతంతో పెరుగుతాయి. సంక్షుబ్ధ ప్రవాహంలోని సుడులు కుదుపుకూ, రొదకూ కారణం. విండ్‌షీల్డ్ విలువ దాని ధరలో లేదు. చెదిరిన గాలి పొరను అది మీ హెల్మెట్‌కు తగలకుండా పంపగలుగుతుందా అన్నదే గీటురాయి. ఎంపికకు ముందు మీ ఎత్తు, వేగం, ఎండ, పక్కగాలి అన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 40 కి.మీ. వేగంతో పోలిస్తే 60 కి.మీ. వద్ద గతిక పీడనం ఎన్ని రెట్లు? (సూచన: 1.5 వర్గం, 2.25 రెట్లు)
2. మధ్యస్థ విండ్‌షీల్డ్ వల్ల రొద ఎందుకు పెరగవచ్చు? (సూచన: 7.4 చూడండి)

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. కార్మాన్ సుడుల వీథిని ఉదాహరణతో వివరించి, గాలి కుదుపుతో దాని సంబంధాన్ని తెలపండి.
2. మీ ప్రాంత వాతావరణాన్ని, మీ రోజువారీ ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని మీకు తగిన విండ్‌షీల్డ్‌ను కారణాలతో సూచించండి.