పన్నెండున్నర అంటే ఎవరి పన్నెండున్నర?

మొన్న సంక్రాంతి వెళ్ళాక మా పెద్దమ్మ కొడుకు పనికోసం దుబాయ్ వెళ్ళాడు. వాళ్ళది సోంపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో విమానం ఉదయం 10 గంటలకి. చేరేది 12:30కి అని టికెట్టు మీద ఉంది. ఇంట్లో ఇంజనీరింగ్ చదివేది నేనొక్కడినే. "పన్నెండున్నరకి దిగి ఫోను చేస్తాడు పెద్దమ్మా" అని గట్టిగా చెప్పేశాను.

ఒంటిగంట అయింది. ఒకటిన్నర అయింది. "ఏట్రా, ఇంకా దిగలేదేటి?" అంటూ పెద్దమ్మ అన్నం ముట్టలేదు. రెండు దాటాక ఫోను మోగింది. అన్నయ్య సరిగ్గా టైముకే దిగాడు. తప్పు నాదే.

టికెట్టు మీద బయల్దేరే టైము బయల్దేరే ఊరిది, చేరే టైము చేరే ఊరిది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అక్కడ 12:30 అయితే మనకి 2 గంటలు. అంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడ రాత్రి 10కి ఎక్కి ఇక్కడ 3:10కి దిగితే ఐదు గంటలు దాటినట్టు కనిపిస్తుంది. గంటన్నర తీసేస్తే 3 గంటల 40 నిమిషాలే.

మరి రావడానికి తక్కువ టైము ఎందుకు? చలికాలంలో మన దేశం ఉత్తర భాగం మీదుగా, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. వెళ్ళేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి.

టికెట్టు లేకపోయినా టైము అంచనా కట్టొచ్చు. భూమి గుండ్రం కాబట్టి రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి ఒక చాపం. భూకేంద్రం దగ్గర ఆ చాపం చేసే కోణంలో ఒక్కో డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. విశాఖ నుంచి దుబాయ్‌కి దాదాపు 27 డిగ్రీలు, అంటే 3,000 కిలోమీటర్లు. గంటకి 800 చొప్పున భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలిపితే నాలుగుంబావు గంటలు వస్తుంది. తమాషా ఏమిటంటే విశాఖ నుంచి సింగపూర్ కూడా దాదాపు 2,900 కిలోమీటర్లే. మనవాళ్ళు పనికి వెళ్ళే రెండు ఊళ్ళకీ మనం ఇంచుమించు మధ్యలో ఉన్నాం. కాకపోతే సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు.

హైదరాబాద్ మీదుగా వెళ్ళినా దుబాయ్ దూరం పెరిగేది 60 కిలోమీటర్లే, ఎందుకంటే హైదరాబాద్ కూడా ఆ దారి వైపే ఉంది. పెరిగేది విమానం మారడానికి కూర్చునే టైము.

అసలు దూరం ఇంటి దగ్గరే మొదలవుతుంది. సోంపేట నుంచి విశాఖ విమానాశ్రయానికి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, బస్సులో నాలుగైదు గంటలు. దుబాయ్ విమానంలో కూర్చునేదీ అంతసేపే! 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం విజయనగరం జిల్లాలో ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్ళకి విశాఖ కంటే అది నలభై కిలోమీటర్ల పైనే దగ్గర. పలాస, ఇచ్ఛాపురం వాళ్ళకి దాని విలువ అక్కడుంది.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా విమానం ఎక్కితే టికెట్టు మీది టైము అలాగే చదివేయకండి. మన గడియారంలోకి మార్చి, దిగాక బయటికి రావడానికి ఇంకో గంట కలిపి చెప్పండి. ఇంట్లోవాళ్ళు వేళకి అన్నం తింటారు.